పెట్రోల్లో కడిగిన రబ్బర్లు

గీతలాయన బ్రేకు సిలిండర్ లోపలికి లైటు వేసి, ఒంటికన్నుతో చూసి, "దరిద్రం" అన్నాడు. పొద్దున్నుంచి ఆయన అన్న మాటల్లో అదే కాస్త ముద్దుగా ఉంది. వెంట్రుకవాసి గీత కూడా ఆయన కంటికి కాలువలా కనిపిస్తుంది. పెళ్లిరోజున పెళ్లాం మొహం కంటే ముందు ఆవిడ ఉంగరం మీది గీతను చూశాడంటారు. అయినా కాపురం నిలబడింది. నిలబడనిది ఆవిడ తమ్ముడితో సఖ్యత. షెడ్డు ఆ తమ్ముడిది.

సిలిండర్ ఓ పాత ఎర్ర స్పోర్ట్స్ కారుది. పెడల్ తొక్కితే చక్రాల దాకా నూనెను నెట్టేది ఇదే. కంపెనీ దీన్ని చేయడం ఎప్పుడో మానేసింది. తుప్పు తిన్న లోపలి గోడను గీతలాయనే కోసేసి, ఇత్తడి గొట్టం దిగ్గొట్టి, అద్దంలా సానబట్టాడు. పిస్టన్ లేతు మీద తీశాడు. నూనె కారకుండా ఆపే రబ్బర్లు ఎక్కడా దొరక్కపోతే అవి కూడా తనే తయారుచేశాడు. ఊళ్లో మిగతా షెడ్లలో పాతది విప్పి కొత్తది బిగిస్తారు. కొత్తది లేనిచోటే ఆయన పనికొచ్చేది. అలాంటి చోటు ఊళ్లో ఈ షెడ్డొక్కటే.

"ఇంకా అవలేదా బావా? ఈలోపు నాకు మనవలు పుట్టేలా ఉన్నారు."

"నీ పోలికతోనా? వద్దులే, ఆపెయ్."

మధ్యాహ్నం బిగిద్దామని రబ్బర్లు తీశాడు. తళతళలాడుతున్నాయి. వాసన చూశాడు. ఆయన మొహం ఒక్కసారిగా పదేళ్లు ముసలిదైంది.

"వీటిని పెట్రోల్‌తో కడిగిందెవడు?"

"నేనే. సాయంత్రం కారాయన వస్తున్నాడుగా. మురిగ్గా ఉన్నాయని మెరిపించా."

"ఉబ్బాయిరా. నీ బుర్రలాగే."

"ఉబ్బితే ఇంకా బిర్రుగా పడతాయి. మంచిదేగా?"

"పడతాయి. పట్టిన బ్రేకు వదలదు. రాసుకుని రాసుకుని వేడెక్కి నూనె మరిగిపోతుంది. రేపు ఆయన పెళ్లాన్నేసుకుని కొండ దిగుతాడుగా, అప్పుడు పెడల్ నేలకంటుతుంది. ఇద్దరూ నేరుగా లోయలోకి."

"శకునపక్షీ! అవే వెయ్. నీకు చేతకాకపోతే నేనేస్తా."

గీతలాయన బ్లేడు తీసి, బెండకాయలు తరిగినంత తీరిగ్గా రబ్బర్లను ముక్కలు చేశాడు.

బావమరిది మొహం ఆ కారుకన్నా ఎర్రబడింది. "నడు బయటికి! మళ్లీ ఈ గుమ్మం తొక్కావో! అక్కకి నేను చెప్తా."

"చెప్పు. నేను పగలంతా ఇంట్లోనే ఉంటానంటే ఆవిడే వచ్చి నీ కాళ్ల మీద పడుతుంది."

వెంటనే వెళ్లలేదు. పచ్చి రబ్బరు కత్తిరించి, ఉక్కు అచ్చులో కూరి, బోల్టులు బిగించి, పొయ్యిలో పెట్టాడు. అది ఉడికేదాకా, పొద్దు వాలేదాకా, స్టూలు మీద కూర్చున్నాడు. ఒకరినొకరు చూసుకోలేదు. తర్వాత అచ్చును పట్టకారుతో తీసి, చల్లారాకే విప్పాలి కనుక, బల్ల మీద పెట్టాడు. చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు. పోతూ పోతూ తలుపు మెల్లగా వేశాడు. బావమరిదికి భయం వేసింది అప్పుడే.

సాయంత్రం కారాయన వచ్చాడు. "అయిందా?"

"కాలేదు," అన్నాడు బావమరిది.

"రేపు పొద్దున్నే బయల్దేరాలయ్యా!"

"అంత తొందరైతే నడిచి వెళ్లండి. బండి మాత్రం కదలదు."

ఆయన తిట్టుకుంటూ పోయాక, బావమరిది ఆగలేక అచ్చు మీద చెయ్యి వేశాడు. చుర్రుమంది. వేళ్లు నోట్లో పెట్టుకుని, బావను ఏడుతరాలకు సరిపడా తిట్టాడు. బల్ల మీద అచ్చు, బిగించిన బోల్టులతో, దానంతట అది చల్లారుతోంది.