ఏడో బండి మైకు

కరెంటు ఆఫీసులో ఏడో నంబరు మరమ్మతు బండి నడిపే డ్రైవరును అందరూ సైలెన్సర్ అనే పిలిచేవారు. సైలెన్సర్ ఊడిపోయిన బండిలా అతని నోరు ఎప్పుడూ మోగుతూనే ఉంటుందని ఎవరో పెట్టిన పేరు. ఆ పేరంటే అతనికి కోపం లేదు సరికదా, లోలోపల కాస్త గర్వంగా కూడా ఉండేది. ఎవరి గొంతునైనా ఒక్కసారి వింటే చాలు, అచ్చు దించేసేవాడు. ఆఫీసరు దగ్గు, పెట్రోలు బంకు వాడి నత్తి, చివరికి ఇంట్లో మామగారి గురక కూడా.

అతను ఆ మధ్య కొత్తగా పట్టుకున్నది కంట్రోలక్క గొంతు.

ప్రతి బండిలోనూ డ్రైవరు పక్కన ఒక వైర్‌లెస్ సెట్టు ఉంటుంది. దాని మైకుకున్న బొత్తాం నొక్కితే మన మాట అన్ని బండ్లకూ, ఆఫీసులోని కంట్రోల్ రూముకూ వెళుతుంది. వదిలితే వాళ్ళ మాట మనకు వినిపిస్తుంది. ఒకరు నొక్కి ఉంచినంతసేపూ మిగతావాళ్ళు నోరు మూసుకోవలసిందే. కంట్రోల్ రూములో కూర్చుని ఏ బండి ఎక్కడికి పోవాలో చెప్పే ఆమెను డ్రైవర్లంతా కంట్రోలక్క అనేవారు. ఆమెను చూసినవాళ్ళు తక్కువ, ఆమె మాట వినని రోజంటూ ఎవరికీ లేదు. ఏళ్ళ తరబడి ఆమె గొంతు కుండలో నీళ్ళలా చల్లగా, తేటగా ఉండేది. తర్వాత మెడకు ఏదో ఆపరేషన్ అయింది. సెలవు ముగిసి తిరిగి వచ్చేసరికి ఆ గొంతు జీరపోయింది. పొడుగు మాట పలికితే మధ్యలో పుటుక్కున తెగేది.

ఆమె తిరిగి వచ్చిన వారంలోనే సైలెన్సర్ టీ కొట్టు దగ్గర ఆ గొంతు తెగడాన్ని చేసి చూపించాడు. తాగుతున్న టీ ముక్కుల్లోంచి వచ్చేలా నవ్వారు అందరూ. "మళ్ళీ చెయ్యరా, మళ్ళీ" అన్నారు. ఇంట్లో చేస్తే భార్య కూడా కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

ఒకరోజు మధ్యాహ్నం పెద్ద గాలివాన వచ్చింది. చెట్లు విరిగాయి, స్తంభాలు ఒరిగాయి, ఫోన్లు మూగబోయాయి. బండ్లన్నీ రోడ్డెక్కాయి. ఆ రోజు సైలెన్సర్‌తో రోజూ వచ్చే లైన్‌మన్ సెలవులో ఉండటంతో, అదే ఆఫీసులో లైన్‌మన్‌గా ఉన్న సైలెన్సర్ తోడల్లుణ్ణి ఏడో బండిలో వేశారు. తోడల్లుడు నెమ్మదస్థుడు, పది మాటలడిగితే ఒక మాట చెప్పే రకం. "మా చిన్నల్లుడు మాటకారి కాదు, పనికారి" అని మామగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. పక్కనే కూర్చుని ఉన్న పెద్దల్లుడికి అది ఎలా తగిలేదో ఆయనకు పట్టేది కాదు.

వీళ్ళు వెళ్ళవలసిన వీధికి అడ్డంగా చెట్టు పడింది. దాన్ని కోసేవాళ్ళు వచ్చేదాకా వీధి మొగలోనే బండి ఆపుకుని కూర్చున్నారు. సైలెన్సర్ మైకును కొక్కేనికి తగిలించకుండా సీటు మీద పడేశాడు. తోడల్లుడు నడుముకున్న తోలు బెల్టు, దానికి వేలాడే పట్టకార్లతో సహా విప్పి పక్కన పెట్టాడు. అది సరిగ్గా మైకు మీద పడింది. బొత్తాం నొక్కుకుపోయింది. మాట బయటికి పోతున్నప్పుడు సెట్టు మీద ఎర్రదీపం వెలుగుతుంది, కానీ దుమ్ము పడకుండా దాని మీద తువ్వాలు కప్పి ఉంది.

"ఈ కంట్రోలక్క లేకపోతే మనకి దారులు తెలిసేవి కావు, అన్నయ్యా" అన్నాడు తోడల్లుడు, వానకు మసకబారిన అద్దాన్ని తుడుస్తూ.

సైలెన్సర్‌కు చురుక్కుమంది. "ఆవిడా? ఆవిడ నాకు దారి చెప్పడమేంటి తమ్ముడూ! నేను లేకపోతే ఈ ఊరి మ్యాపు తలకిందులుగా పట్టుకునే మనిషి. ఎన్నిసార్లు నేను కాపాడానో! పైకి చెప్పుకోను, అంతే."

నిజం దానికి పూర్తిగా తలకిందులు. అతను ఈ ఉద్యోగానికి కొత్తగా వచ్చినప్పుడు వీధులు తెలియక బెంబేలెత్తిపోతుంటే, నలుగురిలో నవ్వులపాలు కాకుండా దారి పట్టించింది ఆమే. "ఏడో బండీ, మీ కుడివైపు మందుల షాపు కనిపిస్తోంది కదా" అని, అతనికి ముందే తెలిసినట్టుగా అడిగేది. అది అతనికి బాగా గుర్తుంది. గుర్తున్నా నోరు ఆగలేదు.

"అయినా ఆ గొంతుతో ఆ సీట్లో ఎలా కూర్చోబెట్టారో! విను." అతను మెడ బిగించి, గొంతు గీరుకుని మొదలుపెట్టాడు. "ఏ... డో బం... డీ... ఎక్క... డున్నా... రూ..." ఆఖర్న తుప్పు పట్టిన గేటులా కీచుమనిపించాడు. "మొన్నొకాయన ఈ గొంతు విని, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతోందని కంప్లైంటు ఇచ్చాడట!"

తోడల్లుడు నవ్వలేదు. అతను నవ్వకపోయేసరికి సైలెన్సర్ ఇంకా గట్టిగా, ఇంకా పొడుగ్గా చేశాడు. నవ్వించేదాకా వదలదలచుకోలేదు. తోడల్లుడు చివరికి, "వద్దులే అన్నయ్యా, పాపం" అన్నాడు. "పాపమేంటి, నేనేమన్నా అబద్ధం చెప్పానా?" అంటూ ఇంకోసారి చేశాడు.

అప్పుడు వానలో ఎవరో పరుగెత్తుకుంటూ వచ్చారు. మూడో బండి డ్రైవరు. అందరికంటే పెద్దవాడు కాబట్టి అతన్ని తాత అంటారు. ఇందాక అటుగా పోతూ ఏడో బండి ఆగి ఉండటం చూశాడు. తలుపు లాగి, చెయ్యి చాచి బెల్టు పైకెత్తాడు.

సెట్టు ఒక్కసారిగా మేల్కొంది.

"కంట్రోల్! కంట్రోల్! రెండో బండి! తీగ తెగి బడి గేటు ముందు పడింది! సరఫరా ఆపండి!"

వెంటనే ఆ జీర గొంతు వచ్చింది. "రెండో బండీ, విన్నాను. ఆపిస్తున్నాను. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి." కాసేపటికి మళ్ళీ, "రెండో బండీ, సరఫరా ఆగింది. పనిలోకి దిగండి." తర్వాత ఐదో బండి, ఆ తర్వాత ఒకటో బండి. ఇంతసేపూ మాట్లాడలేక ఆగిపోయిన వాళ్ళందరికీ వరసగా జవాబు చెప్పింది. అన్నీ అయ్యాక, "ఏడో బండీ, మైకు కొక్కేనికి తగిలించుకోండి" అంది. అంతే.

సైలెన్సర్‌కు తల కొట్టేసినట్టయింది. రెండో బండి వాళ్ళు కరెంటున్న తీగ ముందు చేతులు చాచి పిల్లలను వెనక్కి నెడుతూ నిలబడి, బొత్తాం నొక్కి వదిలిన ప్రతిసారీ తన కూతలే విన్నారన్నమాట. ఎవరికీ ఏమీ కాలేదు. కాకపోవడంలో తన గొప్ప ఏమీ లేదు. తాత తలుపు వేస్తూ, "మొత్తం విన్నాం, నాయనా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

సాయంత్రం అతను టీ కొట్టుకు వెళ్ళాడు. మళ్ళీ చెయ్యరా అని వెంటపడిన వాళ్ళే గ్లాసుల్లోకి చూస్తూ కూర్చున్నారు. ఒకడైతే, "ఆడమనిషిని అలా అనడానికి నోరెలా వస్తుందో!" అన్నాడు. ఎక్కువగా నవ్వింది వాడే. ఆ మాట సైలెన్సర్ నోటిదాకా వచ్చింది. కానీ దొంగతనంలో పట్టుబడినవాడు పక్కవాడి పేరు చెప్పినట్టు ఉంటుందనిపించి మింగేశాడు. టీ కూడా సగంలో వదిలేసి కంట్రోల్ రూముకు బయలుదేరాడు.

ఇన్నేళ్ళలో అతను ఆ గదిలో అడుగుపెట్టింది లేదు. చిన్న గది. బల్ల మీద పెద్ద సెట్టు, గోడకు ఊరి మ్యాపు, దాని మీద రంగు రంగుల గుండుసూదులు. పక్కన నీళ్ళ సీసా. కంట్రోలక్క అతను అనుకున్నదానికంటే చిన్నగా, సన్నగా ఉంది. మెడకు మెత్తటి గుడ్డ చుట్టుకుంది.

"అక్కా, నేను... ఏడో బండి."

"తెలుసు. కూర్చోండి."

అతను కూర్చోలేదు. "అక్కా, ఇవాళ నేను..." అనేలోపు సెట్టు మోగింది. ఆమె ఒక గుక్క నీళ్ళు తాగి, ఊపిరి కూడదీసుకుని, బొత్తాం నొక్కి జవాబు చెప్పింది. వదిలాక మెడ మీద చెయ్యి పెట్టుకుని ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. మళ్ళీ మోగింది. మళ్ళీ గుక్కెడు నీళ్ళు. అతను బండిలో ఇన్నాళ్ళూ విన్నది ఆ గొంతునే. మాటకు ముందు ఇంత కష్టం ఉందని అతనికి తట్టనేలేదు.

సెట్టు కాస్త ఊరుకున్నాక ఆమె అతని వైపు తిరిగింది. "ఒక మాట అడుగుతాను, నిజం చెప్పండి. నా గొంతు మీరు చేసినట్టే ఉంటుందా?"

అతను గోడ మీది గుండుసూదుల వైపు చూశాడు.

"ఇంట్లో వాళ్ళని అడిగితే బాగానే ఉందంటారు. డాక్టరు కుదురుకుంటుందంటాడు. బయటికి ఎలా వినిపిస్తోందో ఇవాళే తెలిసింది. ఒకసారి చెయ్యండి, దగ్గర్నుంచి వింటాను."

"వద్దక్కా."

"ఎగతాళికి కాదు. నిజంగానే అడుగుతున్నాను."

జీవితంలో మొదటిసారి సైలెన్సర్‌కు ఒక గొంతు పలకలేదు. కళ్ళు నేలకు దించుకుని, "అంత లేదక్కా. నవ్వుల కోసం నేనే ఎక్కువ చేశాను. దారుల సంగతి కూడా అబద్ధమే. నేర్పింది మీరు" అన్నాడు.

"అది నాకు తెలుసు లెండి" అంది ఆమె. క్షమించానని గానీ, క్షమించనని గానీ అనలేదు. సెట్టు మోగితే అటు తిరిగింది. అతను తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.

ఇంటికి వెళ్ళేసరికి కబురు అతని కంటే ముందే చేరింది. తోడల్లుడు చెప్పలేదు. చెప్పడని అతనికీ తెలుసు. రెండో బండి లైన్‌మన్ భార్య కూరగాయల కొట్టు దగ్గర చెప్పిందట. భార్య అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుంది.

"నువ్వూ తిట్టు" అన్నాడతను.

"ఏమని తిట్టను? ఇంట్లో మీరు చేస్తే నేనూ నవ్వాను కదా" అంది ఆమె. "రేపు ఆవిడ నాకు ఎదురుపడితే ఏ మొహం పెట్టుకుని చూడాలి?"

అప్పటిదాకా సిగ్గు తన ఒక్కడిదే అనుకున్నాడు. కంచం పక్కకు జరిపాడు.

ఆఫీసరు అతన్ని కొన్నాళ్ళు బండి దించి, షెడ్డులో టైర్లకు గాలి కొట్టమన్నాడు. తిరిగి ఏడో బండి ఎక్కాక సైలెన్సర్ మైకు పట్టుకుంటే రెండు మాటలకు మించి మాట్లాడేవాడు కాదు. "వస్తున్నాను కంట్రోల్." "అయింది కంట్రోల్." ఆమె కూడా అందరితో మాట్లాడినట్టే అతనితోనూ మాట్లాడేది. పుల్లవిరుపు లేదు, చనువూ లేదు. అదే అతనికి ముల్లులా ఉండేది.

ఇంకో వాన రోజు ఆమె ఒక వీధి పేరు చెబుతుండగా గొంతు తెగింది. పేరులో సగమే వినిపించింది. మళ్ళీ చెప్పమని అడగాలి. మైకు తీశాడు, కానీ బొత్తాం మీద వేలు కదల్లేదు. మళ్ళీ చెప్పండి అంటే, చూడండి మీ గొంతు అర్థం కావడం లేదు అని అన్ని బండ్ల ముందూ ఎత్తిపొడిచినట్టు కాదా? మైకు మళ్ళీ కొక్కేనికి తగిలించాడు. సగం పేరును బట్టి తోచిన వీధికి బండి తిప్పాడు. అది వేరే వీధి. అక్కడ అన్ని ఇళ్ళలోనూ దీపాలు చక్కగా వెలుగుతున్నాయి. వీధి ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగి, ఏం చేయాలో తెలియక బండి పక్కకు ఆపాడు.

"ఏడో బండీ, ఎక్కడున్నారు? నేను చెప్పిన వీధివాళ్ళు ఇంకా చీకట్లోనే ఉన్నారు."

"తప్పు వీధికి వచ్చాను కంట్రోల్."

"ఎందుకొచ్చారు?"

"పేరు సరిగా వినపడలేదు."

ఈసారి ఆమె గొంతు కోపంగా వచ్చింది. ఆ గాలివాన రోజు తర్వాత ఆమె అతనితో కోపంగా మాట్లాడటం అదే మొదలు.

"వినపడకపోతే అడగాలి! కొత్తల్లుడిలా మొహమాటపడి కూర్చుంటే ఆ ఇళ్ళకి కరెంటు ఎవరిస్తారు? మీ మొహమాటం ఇంటి దగ్గర పెట్టుకోండి. అర్థమైందా?"

ఏ బండిలోనో ఎవరో కిసుక్కుమని నవ్వి ఉంటారు. అన్ని బండ్లూ విన్నాయి. సైలెన్సర్ చెవులు వేడెక్కాయి, చెంపలు మండాయి. అయినా ఇన్నాళ్ళుగా గుండెల మీద ఉన్న బరువు పిసరంత జరిగినట్టనిపించింది. మైకు నోటి దగ్గర పెట్టుకుని బొత్తాం నొక్కాడు.

"వినపడలేదు కంట్రోల్. మళ్ళీ చెప్పండి."

ఆమె నీళ్ళు తాగేంత సేపు ఆగి, ఒక్కొక్క అక్షరం విడదీసి చెప్పింది. అతను బండి వెనక్కి తిప్పాడు.