రేకు గోడ

ఆ సీసాల ఫ్యాక్టరీ గేటు దాటగానే నేను మొదట చూసింది చిల్లర్‌ని కాదు, దాని చుట్టూ ఉన్న నీలం రేకుల్ని. రెండేళ్ళయినా అలాగే ఉన్నాయి, మిషన్‌కి జానెడు దూరంలో. వాటిని పెట్టించింది ఇక్కడ మేనేజరుగా ఉన్న మా అన్నయ్య. వాటి మూలంగా ఇక్కడ మెకానిక్ పని పోగొట్టుకున్నది మా ఆయన.

లోపల ప్లాస్టిక్ సీసాల అచ్చులు వేడెక్కకుండా వాటి చుట్టూ చల్లటి నీళ్ళు తిరుగుతుండాలి. ఆ నీళ్ళను చల్లబరిచేది చిల్లర్. పక్కలనున్న కాయిల్ రెక్కల గుండా గాలి పీల్చుకుని, వేడినంతా పైనున్న ఫ్యాన్లతో ఊదేస్తుంది. మనిషి నడిచేంత చోటైనా వదలమని మా ఆయన చెబితే, అన్నయ్య నవ్వి, బావ స్పానర్ పట్టుకుంటే చాలన్నాడట. వచ్చేపోయేవాళ్ళకి మిషన్ కనిపించకూడదు, ఓనరు మేడమ్ మెచ్చుకోవాలి, అంతే అతని లెక్క. మెచ్చుకున్నారు కూడా. ఎండలు ముదిరాక, ఊదిన వేడిగాలే రేకుల మధ్యకి దిగి మిషన్ మాటిమాటికీ ఆగిపోయేది. మా ఆయన వద్దంటున్నా అన్నయ్య ప్రతిసారీ బటన్ నొక్కి మళ్ళీ నడిపించాడు. చివరికి కంప్రెసర్ కాలిపోయింది.

మెకానిక్ కాయిల్ కడగలేదని అన్నయ్య పనివాళ్ళందరి ముందూ చెప్పాడు. ఆ రోజు నుంచి మా ఆయన 'కంప్రెసర్ కాల్చినాయన' అయ్యారు. పని అడగడానికి ఎక్కడికెళ్ళినా ఆ పేరు ముందే వెళ్ళి కుర్చీ వేసుక్కూర్చునేది. ఆయన ఇంట్లో మిక్సీలు బాగుచేస్తూ ఉండిపోయారు. నేను చిల్లర్లు బాగుచేసే సర్వీసు షాపులో చేరాను. ఇరవై ఏళ్ళు వంట చేస్తూ ఆయన నోట విన్న పని కబుర్లే నా చదువు.

షాపు తరఫున వచ్చిన నన్ను చూసి అన్నయ్య ముందు తడబడ్డాడు, తర్వాత సంబరపడ్డాడు. మనమ్మాయే రావడం మంచిదైందన్నాడు. మిషన్ మళ్ళీ రోజూ మధ్యాహ్నం ఆగిపోతోందట. పక్కకి పిలిచి, కొత్త మెకానిక్ కాయిల్ సరిగ్గా కడగడం లేదని రిపోర్టులో ఒక్క ముక్క రాయమన్నాడు.

"ముందు కడుగుదాం అన్నయ్యా. రాసేది తర్వాత రాద్దాం" అన్నాను.

ఆ పూట కడిగినట్టు నేను నా ఇంట్లో గిన్నెలు కూడా కడగలేదు. మిషన్ ఆపి, పవర్ తీసేసి తాళం వేసి, పైన ఫ్యాన్ ఒకటి ఎత్తి పక్కన పెట్టాను. కాయిల్‌ని లోపలి నుంచి బయటికి కడగాలి. బయటి నుంచి కొడితే మురికి ఇంకా లోపలికి పోతుంది. నీళ్ళ జోరు ఎక్కువైతే పల్చటి రెక్కలు వంగిపోతాయి. వంగినవాటిని పాపకి జడ వేసేముందు చిక్కు తీసినట్టు దువ్వెనతో ఒక్కొక్క వరసా సరిచేశాను. పదకొండింటికి కాయిల్ వెనక టార్చి పెడితే ఇవతలికి వెలుగు జల్లెడలోంచి వచ్చినట్టు వచ్చింది.

మేడమ్ వచ్చారు. అన్నయ్యే చెప్పాడు, "అద్దంలా ఉందండీ. నేను దగ్గరుండి చేయించాను. ఇంత శుభ్రంగా ఇదివరకెప్పుడూ లేదు."

"రిపోర్టులో అదే రాసి సంతకం పెట్టు అన్నయ్యా" అన్నాను. పెట్టాడు.

ఫ్యాన్ తిరిగి బిగించి, మిషన్ నడిపించి, నీడలో కూర్చుని క్యారేజీ విప్పాను. రెండేళ్ళలో అంత రుచిగా నేనెప్పుడూ తినలేదు.

రెండుంబావుకి చిల్లర్ ఆగిపోయింది. లోపలి నుంచి వంకర సీసాలు పట్టుకుని మేడమే బయటికి వచ్చారు. కాయిల్ అద్దంలా ఉందన్నారు కదా అని అడిగారు. నేను థర్మామీటర్ అన్నయ్య చేతికిచ్చి రేకులకీ కాయిల్‌కీ మధ్య చెయ్యి పెట్టమన్నాను. ఆవిడకి కనిపించేలా అంకె చదవమన్నాను. బయటికంటే తొమ్మిది డిగ్రీలు ఎక్కువ.

"ఈ రేకులు తీసేయాలండీ. రెండేళ్ళ కిందట మా ఆయన చెప్పింది ఇదే" అన్నాను.

అన్నయ్య పనివాణ్ణి పిలవబోయాడు.

"నువ్వే విప్పు. పెట్టించింది నువ్వేగా."

ఆ ఎండలో, తుప్పు పట్టిన స్క్రూలు ఒక్కొక్కటే విప్పాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. తోడబుట్టినవాణ్ణి నలుగురిలో ఇలా చేస్తావా అని గొణిగాడు. మరి మా ఆయన తోడబుట్టినదాని మొగుడు కాదా అన్నాను. తర్వాత మిషన్ సాయంత్రం దాకా ఆగలేదు.

మా ఆయన్ని రేపటి నుంచి పనిలోకి రమ్మన్నారు మేడమ్. ఆ మాట అన్నయ్యే మా ఇంటికొచ్చి చెప్పాలన్నాను. ఆవిడ అతని వైపు చూసి తల ఊపారు.

దీపాలు పెట్టే వేళకి వచ్చాడు. రమ్మనలేదు, కూర్చోమనలేదు. గుమ్మంలోనే నిలబెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఎదురింటావిడ బట్టలు తీయడం మానేసి చూస్తోంది.

"బావా, ఆ రోజు తప్పు నీది కాదు. నాది" అన్నాడు.

మా ఆయన కంగారుగా లేచి, "అయ్యో, ముందు లోపలికి రండి బావగారూ. ఏమేవ్, మంచినీళ్ళు తీసుకురా" అన్నారు.

గ్లాసు నా చేతిలోనే ఉంది. నిండా ఉంది.

"ఇంకోసారి గట్టిగా చెప్పమనండి. ఎదురింటికి వినపడలేదు" అన్నాను.