ఒత్తిడి దించాక

చిట్టికి పొద్దున్నుంచి కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. ప్రయోగశాలలో అందరూ ఆమెను పిలిచే పేరు అది. నాలుగేళ్ళుగా ఆమె పనల్లా కాడ్మియం అనే లోహపు ముక్కను నూనె నింపిన ప్రెస్సులో నొక్కి, అందులోకి పాజిట్రాన్లను వదిలి, అవి ఎంతసేపు బతుకుతాయో కొలవడం. పాజిట్రాన్‌కు ఎలక్ట్రాన్ ఎదురైతే రెండూ మాయం. లోహాన్ని నొక్కేకొద్దీ ఎలక్ట్రాన్లు కిక్కిరుస్తాయి కాబట్టి, పాపం, పాజిట్రాన్ ఆయుష్షు తగ్గుతుంది. మొదట నూట ఎనభై నాలుగు పికోసెకన్లు; ఒక్కోటి సెకనులో లక్షకోటో వంతు. అక్కణ్ణుంచి తగ్గుతూ తగ్గుతూ వచ్చి, ఒకచోట ఉన్నట్టుండి పెరిగింది.

ఆ పెరుగుదల ఇంకొకరికీ కనబడాలనే ఆమె గైడు, అందరికీ పెద్దాయన, ముప్పై ఏళ్ళుగా కళ్ళు కాయలు కాచేలా ఎదురు చూశాడు. ఆ ఒత్తిడి దగ్గర ఎలక్ట్రాన్ల అమరికే మారిపోతుందని ఆయన అంటే అప్పట్లో అందరూ నవ్వారట. ఈ నెలాఖరుకు రిటైరవుతాడు. ఇవాళ మూడింటికి నిండు హాల్లో చిట్టి గీసిన గ్రాఫు చూపిస్తాడు.

నిన్న ప్రెస్సు మెకానిక్ బాబాయి ఓ మాట పడేసి పోయాడు.

"అమ్మాయ్, అంత ఒత్తిడికి చుట్టూ ఉన్న నూనె గడ్డకట్టదూ? అప్పుడది ముక్కని సమంగా నొక్కదు. నలిపేస్తుంది."

నలిగితే లోపల ఖాళీలు ఏర్పడతాయి. పాజిట్రాన్లు వాటిలో దాక్కుని ఎక్కువసేపు బతుకుతాయి. తేల్చుకోవడం తేలికే. ఒత్తిడి దించి మళ్ళీ కొలవాలి. మారింది అమరికే అయితే నూట ఎనభై నాలుగు తిరిగొస్తుంది. నలిగిన లోహం మాత్రం అంత తేలిగ్గా కోలుకోదు. ఎక్కేటప్పుడే తప్ప దిగేటప్పుడు కొలిచే అలవాటు ఆ గదిలో ఎవరికీ లేదు, అదేం చోద్యమో!

నిన్న సాయంత్రమే దించి, కొలత మొదలుపెట్టింది. ఇవాళ ఒంటిగంటకు అంకె తేలింది. రెండొందల మూడు.

"ఇంకోసారి లెక్కేయమ్మా," అన్నాడు బాబాయి, తప్పు తనదే అన్నట్టు.

వేసింది. రెండొందల రెండు. పెద్దాయనకు చెప్పకపోతే హాల్లో ఎవరికీ తెలియదన్న ఆలోచన వచ్చి, వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

పెద్దాయన తన గదిలో కొత్త బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు.

"సార్... ఒత్తిడి దించి కొలిచాను. తిరిగి రాలేదు."

ఎంత వచ్చిందని ఆయన అడగలేదు. లేసు వదిలేసి కుర్చీలో వెనక్కి వాలాడు.

"నాకూ అప్పట్లో ఇలాగే పైకి లేచే గీత వచ్చిందమ్మా. దించి చూద్దామని వాల్వు మీద చెయ్యి కూడా వేశాను."

"మరి?"

"భయమేసింది. చెయ్యి తీసేశాను."

ఆయన గడియారం వంక చూసి, వంగి, రెండో బూటు లేసు కూడా కట్టుకున్నాడు.

"మూడింటికి నా పక్కనే నిలబడు. ఆ అంకె నువ్వే చెప్పు. నేనైతే మళ్ళీ భయపడి మింగేస్తాను."