ఇరవై రెండు టక్కులు

ఇంజను పరీక్ష గదిలో మనిషన్నవాడు లేడు. అయినా లోపలినుంచి టక్, టక్ మని చప్పుడు వస్తోంది.

పక్క గదిలో కూర్చున్న మెకానిక్ ఇత్తో పుదీనా టీ గ్లాసు నోటిదాకా తెచ్చి ఆగిపోయింది. పొద్దున్న పది గంటలు. బయట షెర్గీ వడగాలి లేచి కాసాబ్లాంకా ఆకాశాన్ని దుమ్ముతో పసుప్పచ్చగా మార్చేసింది. విమానాశ్రయం పక్కనున్న ఈ మరమ్మతుశాలలో ఇత్తోకి ఇది పదకొండో ఏడు. ఆ చప్పుడేమిటో ఆమెకు తెలుసు. తెలుసు కాబట్టే ఒళ్ళు జలదరించింది.

ఇంజను ముందుండే పెద్ద పంకాకు ఇరవై రెండు రెక్కలు. ఆగి ఉన్నప్పుడు అవి తమ గాళ్ళలో కాస్త వదులుగానే ఉంటాయి, వేగం అందుకున్నాకే బిగుసుకుంటాయి. మెల్లగా తిప్పితే పైకొచ్చిన ప్రతి రెక్కా ఒరిగి టక్కుమంటుంది. ప్రతి పరీక్షకు ముందూ పంకాను చేత్తో ఒక చుట్టు తిప్పి, కళ్ళు మూసుకుని ఆ టక్కులు లెక్కపెట్టేవాడు ఒకాయన ఉండేవాడు. ముసలి మేస్త్రీ అల్లాల్. తండ్రిలాంటివాడని అందరూ 'బా' అనే పిలిచేవారు. కుర్ర ఇంజనీర్లు నవ్వితే, "నవ్వండ్రా, నవ్వండి. మీ కంప్యూటరుకి చెవులెక్కడున్నాయి?" అనేవాడు. ఆయన పోయి నిన్నటికి నలభై రోజులు. నలభయ్యో నాటి భోజనానికి ఇత్తో కూడా వెళ్ళొచ్చింది.

"అక్కా, విన్నావా?" అంటూ వచ్చాడు లహ్సెన్. ఇంజను వెలిగించాక లోపలికెళ్ళి నూనె కారుతోందేమో చూడ్డం అతని పని. ఇంట్లో మూడు వారాల పసిబిడ్డ ఉంది.

"షెర్గీయేలే. వెనక పొగ పోయే సొరంగంలోంచి దూరి పంకాను తిప్పుతోంది" అంది ఇత్తో.

"షెర్గీకి జీతమిస్తే నా పని కూడా చేసిపెట్టేలా ఉంది."

నవ్వుదామనుకుంది కానీ నవ్వు రాలేదు. చెవులు తమంతట తామే లెక్కపెడుతున్నాయి. ఇరవై ఒక్క టక్కులు, ఒక ఖాళీ. మళ్ళీ ఇరవై ఒకటి, మళ్ళీ ఖాళీ. ఎవరో వేలితో బల్లమీద కొడుతూ ఒక్కచోట మాత్రం కావాలని ఆగుతున్నట్టుంది.

ఒక రెక్క ఒరగడం లేదు. దాన్ని ఏదో పట్టి ఉంచింది.

ఆ రెక్కలు నిన్న సాయంత్రం బిగించింది తనే. గబగబా వెళ్ళి తన అన్నం సంచి విప్పింది. నిన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర బా భార్య కళ్ళనీళ్ళతో చేతిలో పెట్టిన జేబురుమాలు ఉంది. అందులో చుట్టి ఇచ్చిన ఆలివ్ చెక్కముక్క లేదు.

ఆ చెక్క బా స్వయంగా చెక్కుకున్నది. రెక్కను గాడిలోకి జరిపేటప్పుడు కదలకుండా ఆనించడానికి ముప్ఫై ఏళ్ళు వాడాడు. మరమ్మతుశాల పనిముట్లకు పెట్టెలో దేని గాడి దానికుంది. పని ముగిశాక గాళ్ళన్నీ నిండితే ఏదీ ఇంజనులో ఉండిపోలేదని ధైర్యం. నిన్నా అన్నీ నిండాయి. ఈ చెక్కకు మాత్రం ఏ పెట్టెలోనూ గాడి లేదు. ఆయన గుర్తుగా ఆయన చెక్కతోనే బిగించాలని ముచ్చటపడింది. ముచ్చటలో పడి తీయడం మరిచింది.

చెబితే, పని సరిగ్గా ఉందని కాగితాల మీద వేసే ముద్ర పోతుంది. లెక్కలో లేని వస్తువు ఇంజను దగ్గరికి తెచ్చినవాళ్ళ చేత మళ్ళీ సంతకం పెట్టించరు. ఆ ముద్ర మీదే ఇల్లు నడుస్తోంది, తల్లికి మందులొస్తున్నాయి. చెప్పకపోతే కాసేపట్లో లహ్సెన్ ఆ పంకా పక్కన నిలబడతాడు.

చేరిన మొదటిరోజు బా అడిగిన మాట గుర్తొచ్చింది. "ఏమ్మా, విమానాన్ని తోసేది మంటే అనుకుంటున్నావా?"

"కాదా, బా?"

"మంట కూలివాడే తల్లీ. పది పాళ్ళ గాలి మూతిలోకొస్తే ఒక్క పాలే పొయ్యిలోకి పోతుంది. కాలి, ఉరికి, వెనకున్న చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం ఇరుసు పట్టుకుని ముందున్న పంకాను తిప్పుతుంది. పంకా మిగతా తొమ్మిది పాళ్ళనీ చల్లగానే, పొయ్యి చుట్టూరా వెనక్కి నెడుతుంది. మనం గాలిని వెనక్కి నెడితే, గాలి మనల్ని ముందుకు నెడుతుంది. బరువు మోసేది ఆ తొమ్మిది పాళ్ళే."

"మొత్తం పొయ్యిలోకే పంపితే ఇంకా గట్టిగా పోదా?"

"పోతుంది, ఇల్లమ్ముకుని నూనె పోస్తే. కొంచెం గాలిని పరిగెత్తించే కన్నా బోలెడు గాలిని నిదానంగా నెట్టడం చవక. అందుకే పంకా అంత పెద్దది. దాని మీద చెయ్యి వేసేటప్పుడు నమాజుకు నిలబడ్డంత శుభ్రంగా ఉండాలి."

ఇంతలో పరీక్ష నడిపే అధికారి సీ బన్నాసర్ వచ్చి కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "కానివ్వండి. మొదలెడదామా?" అంటూ జేబులోని తాళంచెవి తడుముకున్నాడు.

"ఆగండి, సీ బన్నాసర్!" ఇత్తో గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "తప్పు చేశాను. పంకాలో చెక్క మర్చిపోయాను."

ముగ్గురూ లోపలికెళ్ళారు. తలుపు తీయగానే టక్కులు ఆగిపోయాయి. పంకా నిలకడగా ఉంది. ఇత్తో దాన్ని మెల్లగా తిప్పింది. టక్కుమనకుండా పైకొచ్చింది పదిహేడో రెక్క. దాని మొదట్లో వేలు దూర్చి తడిమితే చెక్క చేతికి తగిలింది. లహ్సెన్ దాన్ని చూసి, పంకాను చూసి, గోడకు ఆనుకున్నాడు.

సీ బన్నాసర్ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. చెయ్యి చాపాడు. ఇత్తో మెడలోని ముద్ర తీసి ఇచ్చింది.

"ఎలా తెలిసింది?" అన్నాడు.

"గాలికి తిరుగుతుంటే లెక్కపెట్టాను."

"ఏ గాలి?" ఆయన సొరంగం చివరకు వేలు చూపించాడు. "వెనక ఇనప తలుపు నిన్నటినుంచీ మూసే ఉంది. తెరిచే తాళంచెవి ఇదిగో, నా జేబులో. మూసిన గదిలో గాలెక్కడిది?"

లహ్సెన్ నోట్లో బిస్మిల్లా గొణుక్కున్నాడు.

పదిహేడో రెక్కను విప్పి, పరిశీలించి, మళ్ళీ బిగించింది వేరేవాళ్ళు. మధ్యాహ్నం ఇంజను వెలిగింది. లహ్సెన్ లోపలికెళ్ళి, చూసి, చేతికి మసితో బయటికొచ్చాడు. పూర్తి వేగం అందుకున్నప్పుడు మెట్ల మీద కూర్చున్న ఇత్తో ఎముకల్లోకి ఆ వణుకు పాకింది. తొమ్మిది పాళ్ళ గాలి గోడల మధ్య హోరెత్తింది. ఆమెకు ఏడుపొచ్చింది.

పని ముగిశాక సీ బన్నాసర్ కత్తితో పనిముట్ల పెట్టె మెత్తను కోసి కొత్త గాడి చేశాడు. చెక్క అందులో పెట్టాడు. "ఇకనుంచి ఇదీ లెక్కలోదే" అన్నాడు. ముద్ర మాత్రం తిరిగివ్వలేదు.

వెళ్ళే ముందు ఇత్తో పరీక్ష గది తలుపుకు చెవి ఆనించింది. బయట షెర్గీ ఇంకా ఊళ వేస్తూనే ఉంది.

"ఇరవై రెండూ ఉన్నాయి, బా" అంది మెల్లగా.

పొద్దున్న భయపెట్టిన చప్పుడు కోసం అక్కడే చాలాసేపు నిలబడింది. మళ్ళీ రాలేదు.