గట్టుకు తగిలిన కెరటం

నా అబద్ధాన్ని పట్టుకోగల మనిషి విశాఖపట్నంలో ఇంకా పుట్టలేదు. యారాడ కొండ దగ్గర తిమింగలం వీపు మీద కూర్చుని చుట్ట కాల్చానని చెబితే, పోర్టులో నాతో పనిచేసిన త్రినాథరావు ఆ చుట్ట ఏ ఊరిదని అడిగాడు గాని తిమింగలం మాట ఎత్తలేదు. నా పేరు దాలయ్య. పల్లెటూరి బడిలో అయిదు చదివి, పోర్టులో ఓడల తాళ్లు లాగే కలాసీగా చేసి దిగిపోయాను. ఇప్పుడు ఫిషింగ్ హార్బరులో చేపలమ్మే ఆడవాళ్ల మధ్య కూర్చుని కబుర్లు చెబుతుంటాను.

అక్కడ పోతమ్మ నన్ను అన్నయ్య అంటుంది. ఆమె కొడుకు కోటి సరుకు ఓడలో పనికి కుదిరి గల్ఫ్ వైపు వెళ్లాడు. వెళ్లిన నెలకే అక్కడ యుద్ధం మొదలైంది. పోతమ్మది మీటల ఫోను, అందులో వీడియో రాదు. అందుకని వాడు నా ఫోనుకే చేస్తాడు.

ఒక పొద్దున్న కోటి గొంతు సన్నగా వచ్చింది. "మావా, ఓడని రేవులోనే ఆపేసినారు. పక్కనే బాంబులు పడతన్నాయి. అమ్మకి సెప్పకు."

"నడిసంద్రంలో ఉన్నానని సెప్పు. వీడియోలో నీల్లే కనపడాల. మిగతాది నాకొగ్గీ," అన్నాను సేనాపతిలా.

వాడు వీడియోలోకి రాగానే పోతమ్మ చేతులకంటిన చేప పొలుసులు చీరకు తుడుచుకుని ఫోను అందుకుంది. కోటి నవ్వుతూ నీళ్లు చూపించాడు. "సూడమ్మా, ఎటు సూసినా సంద్రమే. యుద్ధం ఎక్కడో ఉంది."

ఆమె రెప్ప వేయలేదు. "నడిసంద్రంలో కెరటం నడుస్తాదిరా. ఇది గెంతుతంది. రాతిగట్టుకి తగిలి ఎనక్కొస్తంది. రేవులోనే ఉన్నావు కదేట్రా?"

కోటి గబుక్కున ఫోను తన మొహం వైపు తిప్పుకున్నాడు. ఆమె నావైపు తిరిగింది. "ఈ ఎదవ తెలివి నీదేనా అన్నియ్యా?"

నాదే. పైన కోసిన కోత అక్కడితో సరి. నిమిషం కూడా నిలబడలేదు. మొగుడి పడవ కోసం నలభై ఏళ్లు ఒడ్డున నిలబడ్డ మనిషికి, గట్టు మీద తాళ్లు లాగినవాణ్ణి నేను సముద్రం గురించి బొంకబోయాను!

"నాను ఏడుత్తానని దాసినావు. బాగుంది," అంది పోతమ్మ ఫోనులోకి. "మరి దండం ఏ దిక్కు తిరిగి ఎట్టాలిరా? నడిసంద్రంలో ఉన్నోడికి మంచిగాలి కోసం మొక్కుతాను. బాంబుల కింద ఉన్నోడికి గాలెందుకు?"

అప్పుడు వాడు అంతా చెప్పాడు. "ఓడకి ఎదర ఇక్కడోల్ల జాలరిపేట ఉందమ్మా. మనలాటోల్లే. తుపాకీ ముట్టుకోనోల్లు. ఆల్ల పడవలు, వలలు కాలిపోనాయి. ఓ ముసలమ్మ రోజూ గట్టుమీద కూకుంటంది. కొడుకు ఏటకెల్లి రానేదంట."

"ఆయమ్మకి తిండో?"

"తాడుకట్టి రొట్టెలు దించుతన్నాం. మంచినీల్లు కూడా."

ఆ తర్వాత రోజూ పొద్దున్నే పోతమ్మవి రెండే ప్రశ్నలు. "తిన్నావా? ఆయమ్మొచ్చిందా?"

పదో రోజు ఫోను రాలేదు. పదకొండో రోజూ రాలేదు. పోతమ్మ బుట్ట మీద తడిగోనె తీయలేదు. బేరానికొచ్చినవాళ్లను ఊరకే పంపేసింది. "ఏదోటి సెప్పన్నియ్యా," అంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నాకు కథ దొరకలేదు.

పన్నెండో రోజు ఫోను మోగింది. ఓడను రేవు నుంచి పోనిచ్చారు. కోటి ఇంకా ఏదో చెబుతుంటే, "ముందు నీల్లు సూపించు," అంది. చాలాసేపు చూసింది. కెరటం నడుస్తోంది. నేల మీద చతికిలబడి, హార్బరంతా తిరిగి చూసేలా ఏడ్చింది. కాసేపటికి ముక్కు చీదుకుని అడిగింది.

"ఆయమ్మో?"

"ఉందమ్మా. ఓడ కదిలినప్పుడు సెయ్యూపింది."

జరిగింది జరిగినట్టే రాశాను, ఈ చివరి మాట తప్ప. అది నేను కల్పించింది. పోతమ్మ అడిగినప్పుడు కోటి తల దించుకున్నాడు. ఫోను రాని ఆ రెండు రోజుల్లో గట్టు మీద బాంబు పడిందట. ఆ తర్వాత ముసలమ్మను ఎవరూ చూడలేదట.