కొట్టంలో సాక కుండ

మగవాళ్ళ మొండితనం చాలా చూశాను గానీ, జ్వరంలో ఉన్న మగవాడి మొండితనమంత పాడుది ఇంకోటి లేదు. మా ఆయన హజరత్తయ్యకు రొమ్ములో నిమ్ము చేరింది. దగ్గి దగ్గి మంచానికి అంటుకుపోయాడు. నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోకపోతే మనిషి దక్కడని కాంపౌండరు నా మొహం మీదే చెప్పి వెళ్ళాడు. ఈయన మాత్రం కదలనన్నాడు. కొట్టంలో సాక కుండ పొంగితే తప్ప గడప దాటనని కూర్చున్నాడు.

సాక అంటే కొలుపు రోజున, ఊరి జాతరలో, పోలేరమ్మ ముందు ధారగా పోసేది. మా ఊళ్ళో దాన్ని మా అత్తగారింటి వాళ్ళే కలపాలి. నల్లబెల్లం నీళ్ళలో కరిగించి, తుమ్మచెక్క దంచి వేసి, కుండ మూతికి గుడ్డ కట్టి గొడ్ల కొట్టంలో ఓ మూల పెడతాం. అది పులిసి, నురగ తేలి, లోపల బుసబుసమంటే అమ్మవారు ఒప్పుకున్నట్టు లెక్క. దాన్ని సారా కాయరు, ఆ ఊటనే పోస్తారు. మద్యనిషేధం నడుస్తున్న రోజులు గనక కుండ మీద గడ్డి కప్పి దాచేవాళ్ళం. కొలుపు నెలలో మునసబుగారు మా వీధి వైపే వచ్చేవారు కాదు. ఒక్కటే కట్టడి. అమ్మవారి కుండకు నిప్పు చూపకూడదు. పొయ్యి మీద పెట్టకూడదు, పక్కన కుంపటి కూడా ఉంచకూడదు.

ఏటా రెండు మూడు రోజులకే పొంగేది. ఈసారి వారం దాటినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. మార్గశిరం ముసురు, దానికి తోడు సముద్రం మీది గాలి. కొట్టం కప్పు కారి నేలంతా తడిసి, లోపల అడుగు పెడితే కాళ్ళు కొంకర్లు పోయేవి. నేను చెయ్యని పని లేదు. కుండ చుట్టూ ఊక పోశాను, గడ్డి చుట్టాను, నా పాత కోకలన్నీ చుట్టాను. చివరికి ఈయన కప్పుకున్న కంబళి లాగి నా మీద పారేశాడు.

"ఇది గూడా కప్పు, పో."

"మరి నీకో?"

"నాకేంది, ఒళ్ళు కాలతానే ఉండాది గదా."

"అయితే పొయ్యి ఆ కుండనే కావలించుకోని పడుకో. నీ జొరానికన్నా పొంగుద్ది," అన్నాను.

నవ్వబోయి దగ్గులో పడ్డాడు. అది ఆగేదాకా వీపు రాస్తూ కూర్చున్నాను. నా నోరు పడిపోను, ఎందుకన్నానా అనిపించింది.

ఆయన భయం నాకు తెలియనిది కాదు. మా మామగారు చనిపోయిన ఏడు కుండ పొంగలేదు. జబ్బుతో ఆయన్ని బండెక్కించారు, తిరిగి రాలేదు. "కుండ పొంగకుండా ఎక్కితే నేనూ రాను పెంచలా. మా నాయన గూడా అట్టనే ఎక్కినాడు," అనేవాడు ఈయన. పొంగిందని అబద్ధం చెప్పి చూశాను. నా భుజం మీద బరువంతా వేసి కొట్టం దాకా నడిచి, కుండకు చెవి ఆనించాడు. నా వైపు ఒక్క చూపు చూశాడంతే. తిట్టినా బాగుండేది.

నేను అలిసిపోయాను. మొగుడి మీద, దేవత మీద, ఆ వాన మీద విరక్తి పుట్టింది. ఇక నా వల్ల కాదని పక్క ఊళ్ళో ఉన్న మా అన్న జయరామయ్యకు కబురు పెట్టాను. పాపం, ఆ సాయంత్రమే వానలో తడుస్తూ గూడుబండి తోలుకొచ్చాడు. ముత్తుకూరు దాకా బండిలో పోతే అక్కడ నెల్లూరు బస్సు దొరుకుతుంది.

"లే బావా. బండెక్కు," అన్నాడు అన్న.

"కుండ పొంగనీ బావా. అంతదాకా అడగబాక."

"నువ్వు పొయినాక ఎవురికోసరం పొంగాల్నయ్యా అది?"

ఈయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అప్పటికే చీకటి పడుతోంది. రేపు కాళ్ళూ చేతులూ కట్టయినా ఎక్కిస్తానని అన్న గొణుక్కుంటూ పోయి, ఎడ్లను కొట్టంలో కట్టేశాడు. గుంజలు ఖాళీగానే ఉన్నాయి. మా బర్రెల్ని ఈయన మందుల కోసం వానలకు ముందే అమ్మేసుకున్నాం. చలిగాలి కొట్టకుండా వాకిలికి గోనెపట్టా దించాడు.

తెల్లవారి ఎడ్లకు గడ్డి వేద్దామని పట్టా ఎత్తాను. వెచ్చటి ఆవిరి మొహానికి కొట్టింది. పేడ వాసన, ఎడ్ల ఊపిరి. మూలనుంచి బుసబుసమని చప్పుడు. ఎద్దేమో అనుకున్నాను. వంగి చూద్దును కదా, కుండ! మూతి గుడ్డ ఉబ్బి, అంచుల వెంట నురగ కారుతోంది.

ఓసి నా తెలివి తెల్లారా, అనుకున్నాను. ఏటేటా ఆ కుండను బర్రెల పొట్టల పక్కన పెట్టేవాళ్ళం. కొట్టం నిండా వాటి వేడే. మా మామగారు పోయిన ఏడు ఉప్పెనలో గొడ్లన్నీ కొట్టుకుపోయాయని మా అత్త ఎన్నిసార్లు చెప్పిందో! గొడ్లు లేని కొట్టం చలికి కుండ బిగుసుకుపోతే, అమ్మవారికి కోపమొచ్చిందని ఇంటిల్లిపాదీ ఏడ్చారు.

పరుగున పోయి పొంగిందని చెప్పాను. ఈయన నమ్మలేదు. నేనూ అన్నా చెరో రెక్క పట్టుకొని తీసుకుపోయాం. చెవి ఆనించి, చాలాసేపు అలాగే ఉండిపోయాడు. తల ఎత్తేటప్పటికి గడ్డం మీదుగా నీళ్ళు కారుతున్నాయి.

"అమ్మ కరుణించింది పెంచలా. నేను బతకతాను."

ఎడ్ల సంగతి నోటిదాకా వచ్చింది. ఆ మొహం చూసి మింగేశాను.

"కరుణించిందిలే. ఇంక బండెక్కు."

"కొలుపు ఇంకా నాలుగు రోజులుండాదే. అప్పటిదాకా పొంగతా ఉండాల. నడాన సద్దణిగితే మొదటికే మోసం."

అన్న ఎడ్లను విప్పుతున్నాడు. అవి వెళ్ళిపోతే సాయంత్రానికి కొట్టం చల్లబడుతుంది, దాంతో కుండా చల్లబడుతుంది. ఇంకెవరి గొడ్లనైనా తెచ్చి కడదామంటే ఊళ్ళో గాలికుంటు రోగం తిరుగుతోంది, ఎవరూ తమ గొడ్డును పరాయి కొట్టంలో అడుగు పెట్టనివ్వరు. ఎడ్లను ఉంచుకుంటే కుండ దక్కుతుంది. తోలుకుపోతే ఈయన దక్కుతాడేమో. గోనెపట్టా మళ్ళీ దించి, ఉన్న వెచ్చదనం ఉన్నంతసేపు ఉంటుందని కంబళి గట్టిగా బిగించి వచ్చాను.

కుండ పొంగింది గనక ఈసారి పెనుగులాడకుండా బండెక్కి, నా ఒళ్ళో తల పెట్టుకున్నాడు. వీధి మలుపు తిరిగేలోపే మొదలుపెట్టాడు.

"పొంగతానే ఉంటాది గదా?"

"ఉంటాది."

"కొలుపునాడు మీ చిన్నాయన కొడుకు వచ్చి సాక పోస్తాడు," అన్నాను మళ్ళీ, మాట మారుద్దామని.

"అది సరే. అమ్మ మీద ఒట్టెయ్యి, పొంగతానే ఉంటాదని."

చెయ్యి చాపాడు. ఎముకలే మిగిలిన చెయ్యి, కాలిపోతోంది. అందులో చెయ్యి వేసి ఒట్టు పెట్టాను. ఎన్నాళ్ళకో కళ్ళు మూతలు పడి, నోరు తెరుచుకొని చంటిబిడ్డలాగా నిద్రపోయాడు.

ఊరి చివర పోలేరమ్మ గుడి వచ్చింది. దండం పెట్టుకుంటానేమోనని అన్న పగ్గాలు లాగాడు.

"ఆపొద్దన్నా, పోనీ," అన్నాను.

వానలో తడుస్తున్న ఆ పసుపు మొహం వైపు బండిలోంచే తిరిగాను. "తల్లీ, తప్పుడు ఒట్టు వేసింది నేను, ఏం చేసినా నన్ను చెయ్యి. నీకు ఏటా కొలుపుంది, వచ్చే ఏడు రెండు కుండలు పోస్తాను. నాకు ఈయనొక్కడే ఉండాడు."