పసుపు పెట్టిన చక్రాలు

గిరీశ్ పోయిన రోజు పొద్దున సుధామణి నాలుగో తరగతి పిల్లలకు భాగహారం చెబుతోంది. లెక్క సగంలో ఉండగా బడి గేటు దగ్గర పికప్ బండి ఆగిన చప్పుడైంది. తమ్ముడేమో అనుకుంది. దిగింది చౌడప్ప. గిరీశ్ స్నేహితుడు, అచ్చం అలాంటి బండే ఉన్నవాడు. ఎప్పుడు వచ్చినా గేటు దగ్గర నుంచే, "అక్కా, పిల్లోళ్లను ఇడిసిపెట్టు, పాపం మొహాలు చూడు ఎట్లుండాయో" అని కేకేసే మనిషి. ఆ రోజు చెప్పులు మెట్ల కింద విడిచి, చప్పుడు లేకుండా వరండా ఎక్కాడు.

"అక్కా, గిరి బండి పల్టీ కొట్టింది."

"యాడ?"

"సోలార్ పార్కులో. సబ్‌స్టేషన్ దాటినాక, వాన్నీళ్ల కాలవలో."

"వాడు?"

చౌడప్ప తల వంచుకున్నాడు. అతని చొక్కా చేతుల మీద ఎర్రమట్టి ఉంది. మట్టి కానిది కూడా ఉంది. సుధామణి సుద్దముక్కను బల్ల మీద పెట్టింది. అది దొర్లిపోకుండా డస్టరు అడ్డం పెట్టింది. "లెక్క పూర్తి చేయండి, వస్తాను" అని పిల్లలకు చెప్పి బయటికి నడిచింది.

రాయచెర్లులో వాళ్ల చేను సోలార్ పార్కు కిందికి పోయి చాలా కాలమైంది. వేరుశెనగ పండిన ఎర్రనేల మీద ఇప్పుడు కంటికి ఆనినంత మేర నీలి పలకలే. ఏటా కౌలు వస్తుంది గాని చేతికి పని లేదు. గిరీశ్ ఊరికే కూర్చుని తినే మనిషి కాదు. పలకలు కడిగే ఆడవాళ్లను పొద్దున్నే పార్కులో దింపి, సాయంత్రం ఇళ్లకు చేర్చే పని ఒప్పుకుని కొత్త పికప్ కొన్నాడు. రాళ్లయినా ముళ్లయినా తొక్కుకుంటూ పోతాయని ప్రకటనల్లో చూపించే గరుకు టైర్లతో అది షోరూము నుంచే వచ్చింది. టైరు పక్కన పెద్ద తెల్ల అక్షరాలు. వాటిని వేలితో చూపిస్తూ గిరీశ్ తల్లికి చదివి చెప్పాడు. "ఏ నేల మీదైనా పోతాదని రాసినారమ్మా."

"అయితే మన నేల మీద కూడా పోతాదిలే" అంది సంజీవమ్మ.

ఆ రోజు ఆడవాళ్లను దింపి ఖాళీ బండితో తిరిగి వస్తున్నాడు. పార్కు లోపలి దారి వానలకు కోసుకుపోతే, పగలగొట్టిన గుండ్రాళ్లు తెచ్చి పరిచారు. ఎడమ పక్క ముందు టైరు పగిలింది. బండి కాలవలోకి తిరగబడింది. పలకలు కడిగే శిల్పశ్రీ దినాల నాడు వచ్చి సుధామణి చెయ్యి పట్టుకుని చెప్పింది. "మేం దిగి తలకు గుడ్డలు కట్టుకుంటా ఉండాం మేడం. ఢాం అనింది. ఏదో తీగ పేలిందనుకున్నాం. మేము దిగకుండా ఉండుంటే..." అని ఆగిపోయింది. 

షోరూము నుంచి కూడా ఒక మనిషి వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. కొత్త టైరు దానంతటది పగలదని, గాలి తక్కువైనా ఉండాలని, స్పీడు ఎక్కువైనా ఉండాలని చెప్పాడు. "వయసు పిల్లోడు కదమ్మా" అన్నాడు.

"నా కొడుకు స్పీడుగా తోలడు" అంది సంజీవమ్మ.

అతను వాదించలేదు. టీ తాగి, గ్లాసు గోడవారగా పెట్టి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఊళ్లో ఆ మాటే నిలిచింది. గిరీశ్ స్పీడుగా తోలినాడంట. ఎవరూ ఇంటికొచ్చి అనలేదు. కాని సంజీవమ్మ బోరింగు దగ్గరికి వెళితే అక్కడి మాటలు ఆగిపోయేవి. నీళ్లు పట్టుకుని వచ్చి, బిందె దించుతూ, ఎవరూ అడగకుండానే మళ్లీ అనేది. "వాడు స్పీడుగా తోలడు."

సుధామణి జవాబు చెప్పేది కాదు. తెలియనిది తెలుసని చెప్పడం ఆమెకు చేతకాదు. తమ్ముడు ఎలా పోయాడో తెలుసుకోవాలి, అమ్మకు ఖచ్చితంగా చెప్పాలి. ఆ రోజుల్లో ఆమెకు కావలసింది అదొక్కటే.

నుజ్జయిన బండిని తెచ్చి ఇంటి పక్క ఖాళీ జాగాలో నిలిపారు. ఒక ఆదివారం ఆమె ఆ టైరు ముందు గొంతుక్కూర్చుంది. నేలకు ఆనే భాగం చెక్కు చెదరలేదు. గాడుల మధ్య, అచ్చులోంచి తీసినప్పుడు మిగిలే సన్నని రబ్బరు వెంట్రుకలు కూడా అరిగిపోలేదు. పక్క మాత్రం జానెడు మేర చీలి ఉంది. వేలితో ఒత్తితే లోపలికి పోయింది. తెల్ల అక్షరాల సందుల్లో ఇంకా పసుపు ఉంది.

ఆ పసుపు పెట్టింది అమ్మే. బండి తెచ్చిన రోజు గిరీశ్, చౌడప్ప కలిసి రెండు కొత్త బండ్లనూ పావగడకు తోలుకెళ్లి శనిమహాత్ముని గుడి ముందు నిలిపారు. పూజారి హారతి ఇచ్చి, నిమ్మకాయలు తొక్కించి పంపించేశాడు. వెంట వెళ్లిన సంజీవమ్మకు అది చాలలేదు. ఎనిమిది చక్రాలకూ తన చేత్తో పసుపు రాసి కుంకుమ పెట్టింది.

"చక్రాలకు పెట్టినావు సరే, స్టీరింగుకు తాళి కూడా కట్టుమా" అన్నాడు గిరీశ్.

"నువ్వు ముందు ఒకదానికి కట్టరా, ఆ మీదట స్టీరింగు సంగతి చూస్తాం."

చౌడప్ప పడీ పడీ నవ్వాడు. అప్పుడే సంజీవమ్మ ఇద్దరికీ చెప్పింది. "ఒక మాట. దేవుని ముందర పసుపు పెట్టిన చక్రాలు. ఏడాది తిరిగేదాకా ఇప్పొద్దండి." తన నాన్న ఎద్దులబండికి కొత్త చక్రాలు ఎక్కించినప్పుడు కూడా అంతే చేశారని చెప్పింది. పూజారి చెప్పిన మాట కాదది. అమ్మ మాట. గిరీశ్ ఏదో అనబోయి, చౌడప్ప వైపు చూసి, "సరేమా" అన్నాడు. ఏం అనబోయాడో ఆ రోజు సుధామణి పట్టించుకోలేదు.

చౌడప్ప చేత టైరు ఊడదీయించి, దాన్ని బిందెలా నడుముకు ఆనించుకుని, ఆటోలో పావగడకు తీసుకెళ్లింది. ఆటోలో ఆడవాళ్లు చోటిచ్చి అటు తిరిగి కూర్చున్నారు. బస్టాండు వెనక టైర్ల అంగడి అమరనాథ్‌ది. ఊళ్లో బండ్లన్నీ అతని దగ్గరికే పోతాయి. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. ఆమె టైరు దించి, స్పీడు వల్ల ఇలా పగులుతుందా అని అడిగింది.

అతను కుర్చీ తుడిచి కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. మూలన ఒకదాని మీద ఒకటి పేర్చిన టైర్లలో అవే తెల్ల అక్షరాలు కనిపించాయి. అదే పేరు, అదే గాడి. పక్కపక్కన పెట్టి చూద్దామని పైదాన్ని రెండు చేతులా పట్టుకుని లేపింది.

అది లేవలేదు.

మళ్లీ ప్రయత్నించింది. అంచు కొంచెం లేచి, జారి దబ్బుమని పడింది. ఇందాక ఊరి నుంచి నడుము మీద మోసుకొచ్చిన టైరు వైపు, దీని వైపు చూసింది. కొత్తదాని పక్క మీద చెయ్యి పెట్టి బలమంతా పెట్టి ఒత్తింది. రాతిని ఒత్తినట్టుంది. 

"ఇది వేరేనా?" అంది.

"వేరేనే మేడం. పేరొకటే, మూస ఒకటే. బండితో వచ్చేటివి తేలిగ్గా చేపిస్తారు. డీజిల్ తక్కువ తాగుతాది, కూర్చున్నోళ్లకు మెత్తగా ఉంటాది. పక్కల పొరలు తక్కువ. తారు రోడ్డుకైతే ఏం కాదు. మన రాళ్లకు నిలవవు. ఈడ బండ్లు తోలేవోళ్లందరికీ తెలుసు. కొన్న వారంలోనే ఇప్పేసి ఇవి ఎక్కించుకుంటారు."

"అందరికీ తెలుసా?"

"అందరికీ."

"గిరీశ్‌కు?"

అమరనాథ్ తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. తుడవడానికి అక్కడ ఏమీ లేదు.

"మీరు ఎత్తబోయినేటివి గిరీశ్‌వే మేడం. నాలుగూ. బండి కొన్న మర్నాడే వచ్చి డబ్బులు కట్టి, తీసిపెట్టమన్నాడు. ఎక్కించేస్తా రాప్పా అంటే, ఏడాది కానీ, మా అమ్మ మాట ఉండాది, అంతవరకు నిదానంగా తోలుకుంటాలే అన్నాడు. ఎప్పుడు తీసుకుపోతారని నేను అడగలేకపోయినా."

సుధామణి అప్పుడు కూర్చుంది. అతను నీళ్లు తెచ్చి ఇచ్చాడు. గ్లాసు పట్టుకుంది గాని తాగడం మరిచిపోయింది. నిదానంగా తోలుకుంటాలే. తాను వెతుకుతూ వచ్చిన మాట దొరికింది. కాని అది తీసుకెళ్లి అమ్మ చేతిలో పెట్టే మాట కాదు. గిరీశ్ స్పీడుగా తోలలేదని చెప్పాలంటే, మరి ఎందుకు పోయాడో కూడా చెప్పాలి.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఇంకొకటి తట్టింది. చౌడప్ప బండి. అవే టైర్లు, అదే పసుపు. ఇప్పుడు శిల్పశ్రీ వాళ్లందరూ ఎక్కేది ఆ బండే. రేపు పొద్దున కూడా ఎక్కుతారు.  ఊరి మలుపులో దిగగానే, కనిపించినవాళ్లతో చౌడప్పకు కబురు పంపింది. రేపు పొద్దున బండి తీయకముందే బడి దగ్గరికి రమ్మని. ఇంట్లో అయితే అమ్మ చెవిన పడుతుంది, బడి దగ్గరైతే చెప్పొచ్చని.

బడికి రమ్మంటే చౌడప్ప ఆ సాయంత్రమే ఇంటికొచ్చాడు, బండితో సహా. సంజీవమ్మ గడపలో కూర్చుని శెనక్కాయలు వొలుస్తోంది.

"ఏందక్కా, బడికి రమ్మన్నావంట? ఈ వయసులో నాకు అక్షరాలు దిద్దిస్తావా ఏంది?"

చాలా రోజుల తర్వాత సంజీవమ్మ మొహంలో నవ్వులాంటిది కదిలింది. సుధామణి అతన్ని బండి పక్కకు తీసుకెళ్లి గొంతు తగ్గించి చెప్పింది. "చౌడప్పా, ఈ టైర్లు రేపే మార్చు. పావగడలో మనవి నాలుగు ఉండాయి. తీసుకుపో. ఊరికే తీసుకో."

"గిరివా?" అతనికి ఆ టైర్ల సంగతి తెలుసని మొహంలోనే కనిపించింది. "వద్దక్కా. నేను నిదానంగానే తోలుతాండా."

"వాడూ నిదానంగానే తోలినాడు."

"అయినా ఎట్ల ఇప్పేదక్కా? ఇంకా ఏడాది కాలేదు. ఉండేది ఆడోళ్లను ఎక్కించుకునే బండి. మాట తప్పి ఇప్పితే, రేపేమన్నా అయితే నన్ను అంటారు. గిరి కూడా అందుకే కదా ఇప్పనిది. పెద్దమ్మ మాట..."

గొంతు పెద్దదైందని అప్పుడు తెలిసింది అతనికి.  గడపలో కాయలు వొలిచే చప్పుడు ఆగిపోయింది.

సుధామణి వెనక్కి తిరగలేకపోయింది. పార్కు వైపు నుంచి ట్రాన్స్‌ఫార్మర్ల రొద సన్నగా వినిపిస్తోంది. రోజూ ఉండేదే. ఆ రోజే వినిపించినట్టుంది.

సంజీవమ్మ చాట దించింది. ఒళ్లోని పొట్టు దులుపుకుని లేచింది. తొట్టిలోంచి బక్కెట నిండా నీళ్లు ముంచుకుని, వాళ్లిద్దరి మధ్య నుంచి నడిచి, చౌడప్ప బండి ముందు చక్రం దగ్గర కూర్చుంది. చెంగు తడిపి, ఎండి గట్టిపడిన కుంకుమను రుద్దింది. అక్షరాల సందుల్లోని పసుపును గోటితో గీకింది. ఒక చక్రం అయ్యాక బక్కెట జరుపుకుని ఇంకో చక్రం దగ్గరికి పోయింది.

"పెద్దమ్మా, వద్దు పెద్దమ్మా" అన్నాడు చౌడప్ప. ఆమె వినలేదు. అతను బక్కెట పట్టుకోబోతే చెయ్యి తోసేసింది. చివరి చక్రం అయ్యేసరికి నీళ్లు అయిపోయాయి. ఆమె లేవలేకపోతే అతనే రెక్క పట్టి లేపాడు.

"నేను పెట్టిన పసుపు, నేనే తీసేసినా. రేపు ఇప్పుకోప్పా" అంది.

తర్వాత కూతురి వైపు తిరిగింది. ఆమె చెంగులోంచి పచ్చటి నీళ్లు కారుతున్నాయి.

"గిరి స్పీడుగా తోలలేదు కదా?"

"లేదమ్మా."

"లేదు కదా" అంది సంజీవమ్మ. లోపలికి వెళ్లి దీపం పెట్టింది.

మర్నాడు చౌడప్ప పావగడ పోయి నాలుగు టైర్లూ ఎక్కించుకున్నాడు. అవి ఎవరివో శిల్పశ్రీ వాళ్లకు చెప్పాడు. ఊళ్లో స్పీడు మాట ఆగింది. షోరూముకు సుధామణి రెండుసార్లు ఫోను చేసింది, ఆ మనిషి మళ్లీ చేస్తానన్నాడు. చీలిన టైరు ఇంటి గోడకు ఆనించి ఉంది. సంజీవమ్మ దాని పక్క నుంచే బోరింగుకు వెళ్లి వస్తుంది. ఇప్పుడు ఏమీ అనదు.

అది నీ తప్పు కాదమ్మా అని చెప్పాలి. సుధామణి ఇంకా చెప్పలేదు.